పోయిరా

నేను ఒక కొమ్మును. ఆవు తల మీదిదీ, గేదె తల మీదిదీ కాదు. కంచు కరిగించి పోతపోసిన యుద్ధపు కొమ్మును. నా కథను ఎల్లన చనిపోయిన రోజుతో మొదలుపెడతాను. దానికి ముందు నాకు కొన్నేళ్ళ బతుకుంది. తర్వాత కొన్ని వందల ఏళ్ళ బతుకుంది. కానీ నా గురించి ఒక్క రోజు సంగతే వినే ఓపిక ఎవరికైనా ఉంటే, ఆ రోజు సంగతే వినాలి.

ఆ రోజు పొద్దున తంగెళ్ళగుట్ట కోట కింది మైదానంలో జరిగిన పోరులో నేను 'రా' అని పిలిచాను. మళ్ళీ మళ్ళీ పిలిచాను. పిలిచినకొద్దీ ఎల్లన దూరమయ్యాడు. మధ్యాహ్నానికి గెలుపు మాదైంది. గెలిచిన వాళ్ళంతా కేకలు వేస్తుంటే, నన్ను ఊదించిన మనిషి దిబ్బ మీద నిలబడి, ఎవరూ తిరిగిరాని వైపే చూస్తూ ఉండిపోయాడు.

అది ఎలా జరిగిందో తెలియాలంటే, నాకు మాటలు ఎలా వచ్చాయో తెలియాలి.

తంగెళ్ళగుట్ట చిన్న కోట. రాజుగారు ఎక్కడో దూరాన ఉండేవారు. ఆయన తరఫున ఆ కోటకూ, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే సైన్యానికీ సూరప నాయకుడు సేనాపతి. పాత కొమ్ము పగిలిపోయిందని, కొత్తది పోయడానికి కంచు కావాలని ఆయన కోటలో చాటింపు వేయించాడు. ఇంటింటి నుంచీ సొట్టలు పోయిన చెంబులు, బీటలిచ్చిన గంటలు, చిల్లులు పడ్డ పళ్ళేలు వచ్చాయి. సూరప అక్క మైలమ్మ ఒక చిన్న ఉగ్గుగిన్నె తెచ్చి కంచరి వీరాచారి ముందు పెట్టింది. ఆమె చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, ఒక్కగానొక్క కొడుకుతో తమ్ముడి దగ్గరే ఉండేది. ఆ గిన్నె ఆ కొడుకుది. ఆ కొడుకే ఎల్లన.

"ఇది బాగానే ఉంది కదమ్మా, ఎందుకు కరిగించటం?" అన్నాడు వీరాచారి.

"ఉగ్గు తాగేవోడికి మీసాలొచ్చినయ్. ఇంకా దాచుకుంటే నన్ను చూసి నవ్వుతున్నాడు. కరిగించెయ్" అంది మైలమ్మ.

అలా నేను ఊరందరి వంటిళ్ళ నుంచి పుట్టాను. యుద్ధానికి పనికొచ్చే ప్రతి వస్తువూ అంతకుముందు ఎవరి ఇంట్లోనో అన్నానికి పనికొచ్చిందే. మనుషులు ఈ సంగతి తొందరగా మర్చిపోతారు.

నన్ను ఊదేవాడి పేరు జోగయ. వాళ్ళ ఇంటిపేరే కొమ్ములవారు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. బుగ్గలు మాత్రం ఊదీ ఊదీ సంచుల్లా వేలాడేవి. నా చేత మాట్లాడించినవాడు అతనే. మూడు మాటలు నేర్పాడు. రెండు పొట్టి కూతలు కూస్తే 'ఆగు'. పైస్థాయిలో ఒక పొడుగాటి కూత 'రా'. కింది నుంచి బరువుగా లేచి, నడుమ చిన్నగా ఎగిరి, పైస్థాయిలో పొడుగ్గా సాగితే 'పోయిరా'. శత్రువు మీదికి నడవమని చెప్పే ఆజ్ఞ అదే.

మీదపడమని చెప్పడానికి 'పో' అంటే సరిపోతుంది కదా, చివర ఆ 'రా' ఎందుకని మీరు అడగవచ్చు. మా వైపు గడప దాటే మనిషిని ఎవరూ 'పో' అనరు. పక్కింటికి నిప్పు కోసం వెళ్ళే మనిషిని కూడా 'పోయిరా' అనే అంటారు. వెళ్ళేవాడు 'పోతాను' అనడు, 'పోయొస్తాను' అంటాడు. తిరిగి రావడం కూడా మాటలో ఉండాలి. లేకపోతే మనిషి రాడని భయం. 'పో' అనే ఒంటిమాట ఒక్క చోటే చెల్లుతుంది. పాడె పొలిమేర దాటేటప్పుడు కొమ్ము ఒకేఒక్క బరువైన 'పో' ఊదుతుంది. చనిపోయినవాడు వెనక్కి చూడకుండా, ఇంటి చుట్టూ తిరగకుండా, తన దారిన తాను వెళ్ళాలని చెప్పే అనుమతి అది. బతికున్నవాడికి 'పోయిరా', చచ్చినవాడికి 'పో'. ఆ రెంటికీ నడుమ మా వాళ్ళ భయమంతా ఉండేది.

సూరప నాయకుడు మంచి సేనాపతి. మంచి సేనాపతి అంటే ఏమిటో దిబ్బ మీద ఆయన పక్కన ఉండి తెలుసుకున్నాను. ఇంట్లో నలుగురిని కూడుకు పిలిస్తే ఒకడు వినిపించుకోడు. అయినా మనుషులు వేలమందిని మైదానంలో నిలబెట్టి ఒక్క నోటితో నడిపించగలమని అనుకుంటారు. పోరు మొదలయ్యేదాకా సేనాపతి చేతిలో అన్నీ ఉంటాయి. మొదలైన మరుక్షణం దుమ్ము లేస్తుంది. జెండాలు కనిపించవు. గుర్రం మీద కబురు పంపితే, అది చేరేసరికి ఆ కబురుకు కాలం చెల్లిపోతుంది. కుడివైపు ఏం జరుగుతోందో ఎడమవైపు వాళ్ళకు తెలియదు. నడుమ నిలబడ్డవాడికి ముందున్నవాడి వీపు తప్ప ఇంకేమీ కనిపించదు. అప్పుడు మిగిలేది రెండే చప్పుళ్ళు. పాదాలు ఒక లెక్కన పడటానికి తప్పెట్ల మోత, ఆజ్ఞకు నేను. దిబ్బ మీది మనిషికి చేతులు, కాళ్ళు, కత్తి ఏవీ లేనట్టే. నేనే ఆయన నోరు.

ఆ నోరు ఒకసారి తడబడింది. ఎల్లన చనిపోవడానికి ముందటి ఏడు, పశువుల మందల కోసం జరిగిన చిన్న తగవులో నేను 'పోయిరా' అని పిలిచాను. గాలికి మొదటి సగం కొట్టుకుపోయింది. ఎడమవైపు బంటులకు చివరి 'రా' మాత్రమే వినిపించింది. అందరూ శుభ్రంగా వెనుదిరిగి దిబ్బ దగ్గరికి వచ్చి, "ఎందుకు పిలిచారు దొరా?" అని నిలబడ్డారు. ఆ రోజు మందలు పోయాయి కానీ మనుషులెవరూ చావలేదు. వారం పాటు కోటలో అదే నవ్వు. ఎల్లన ప్రతి పూటా భోజనానికి వస్తూ, "పిలిచావా మామా? నాకు సగమే వినపడింది" అని అడిగేవాడు.

"నీకు కూడు మాట ఎప్పుడూ సగం వినపడదురా అల్లుడూ, మొత్తం వినపడుద్ది" అనేవాడు సూరప.

పైకి నవ్వినా సూరపకు అది నిద్రలేని సంగతి అయింది. కొన్నాళ్ళు ఆలోచించి, బంటులందరినీ కోట ముందు నిలబెట్టాడు. ఇక నుంచి మీదపడమనే ఆజ్ఞకు 'పో' ఒక్కటే ఊదుతామని, అప్పుడు ఒకదాన్ని విని ఇంకొకటి అనుకునే పొరపాటు ఉండదని చెప్పాడు. జోగయ ముఖం పాలిపోయింది. అయినా ఊదాడు. పట్టపగలు, ఎండలో, బతికున్న మనుషుల ముందు నా నోటి నుంచి పాడె ముందు ఊదే పిలుపు వచ్చింది.

ఒక్కడూ కదల్లేదు. ముందు వరసలోని ముసలి బంటు ఒకడు బల్లెం కింద పెట్టేశాడు.

"దొరా, చావమంటే చస్తాం. ముందే కర్మ చేసి పంపిస్తానంటే మాత్రం పోం" అన్నాడు.

"అది వట్టి కూతయ్యా! చెవికి తేడా తెలియటానికి" అన్నాడు సూరప.

"కూతే. నీ అల్లుడికి ఊది పంపు, వెనకాల మేం పోతాం."

సూరప ఎల్లన వైపు చూశాడు. ఎల్లన అప్పటికి కుడివైపు గుర్రపు దండుకు నాయకుడు. ఎంత దూకుడుగా ఉండేవాడో అంత చమత్కారంగా మాట్లాడేవాడు. సూరప కూతురిని అతనికే ఇస్తారని కోటంతా అనుకునేది.

"నన్ను పొమ్మను మామా, పోతా" అన్నాడు ఎల్లన. "కానీ అమ్మ వింటే నీకు రేపట్నుంచి కూడుండదు. పిల్లని కూడా ఇంక నాకియ్యనని చెప్పినట్టే."

అందరూ నవ్వారు. సూరప నవ్వలేదు. ఆ సాయంత్రమే మైలమ్మ వచ్చి, తమ్ముడి ముందు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "పోయిరా అని పంపిస్తేనే మా ఆయన రాలేదు. ఇంక పో అని పంపిస్తే ఎవరొస్తారురా?" అంది.

చివరికి సూరప మధ్యేమార్గం ఒకటి ఆలోచించాడు. దానిలో నాకు ఇప్పటికీ తప్పు కనిపించదు. 'పోయిరా' అలాగే ఉంటుంది. 'రా' మాత్రం ఇక నుంచి వెంటవెంటనే రెండుసార్లు ఊదుతారు. కాబట్టి పోరులో ఎవరికైనా ఒక్క 'రా' వినిపిస్తే, అది సగం తెగిన 'పోయిరా' అని తెలుసుకుని ముందుకే నడవాలి. రెండు 'రా'లు వినిపిస్తేనే వెనక్కి తిరగాలి. బంటులకు ఇది నచ్చింది. వాన కాలమంతా అదే సాధన. జోగయ ఒక్క 'రా' ఊదితే ముందుకు, రెండు ఊదితే వెనక్కి. ఎల్లన దండు అందరికన్నా ముందు నేర్చుకుంది. అతను తన వాళ్ళకు, "మామ ఒకసారి పిలిస్తే పరుగెత్తండి, రెండుసార్లు పిలిస్తే అన్నం వడ్డించినట్టు" అని చెప్పేవాడట.

ఆ ఏడు ఫాల్గుణంలో కాలం కాని వాన కురిసింది. వాన వెలిసిన కొద్ది రోజులకే తూర్పు కోట వాళ్ళు వాగు దాటి వచ్చారు. వాళ్ళు మాకన్నా ఎక్కువమంది. మా గుట్ట కిందే మైదానంలో నిలబడ్డారు. పొద్దున సైన్యం కోట తలుపు దాటుతుంటే ఆడవాళ్ళు గోడ మీద నుంచి ఎవరి మనిషికి వాళ్ళు 'పోయిరా' చెప్పారు. మైలమ్మ ఎల్లన గుర్రం కళ్ళెం పట్టుకుని తలుపు దాకా నడిచింది.

"పోయిరా నాయనా" అంది.

"పోయొస్తానమ్మా. తొందరగా వస్తా, వేడి కూడు పెట్టు."

"నువ్వొచ్చాకే ఎసరు పెడతా. నిన్ను నమ్మి ముందే పెడితే అన్నం చల్లారిపోద్ది."

పోరు మొదలైంది. గాలి తూర్పు నుంచి, అంటే శత్రువు వైపు నుంచి, మా ముఖాల మీదికి కొడుతోంది. దిబ్బ మీద సూరప ఒక చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పక్కనే జోగయ, అతని భుజం మీద నేను. నడుమ కాలిబంటులు తప్పెట్ల మోతకు అడుగు కలుపుతూ నడిచారు. వాళ్ళలో సగంమంది నాగలి వదిలి వచ్చినవాళ్ళే. ఆ మోత ఉన్నంతసేపూ వాళ్ళది ఒక గోడ. మోత ఆగితే మళ్ళీ విడివిడి మనుషులు.

కుడివైపు శత్రువు అంచు పలచబడింది. సూరప అది కనిపెట్టి చేయి ఊపాడు. నేను 'పోయిరా' అన్నాను. ఎల్లన దండు ఎర్రమట్టి గట్టు వెనక నుంచి లేచి ఆ అంచును ఒక్క ఊపులో చీల్చేసింది. శత్రువు గుర్రాలు వెనుదిరిగి పరుగుతీశాయి. దిబ్బ మీద ఉన్నవాళ్ళం అందరం కేక పెట్టాం. సూరప మాత్రం కేక పెట్టలేదు. ఆయన పారిపోతున్నవాళ్ళను చూస్తున్నాడు.

వాళ్ళ వెనక పెద్ద చేను ఉంది. దాన్ని అడ్డంగా దాటితే వాళ్ళ గుడారాలు దగ్గరే. కానీ పారిపోయే గుర్రాల్లో ఒక్కటి కూడా చేలోకి దిగలేదు. అన్నీ చుట్టూ తిరిగి, ఇరుకైన బండ్లబాట మీద ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పోతున్నాయి.

"ప్రాణభయంతో పరుగెత్తేవోడు దగ్గర దారి ఎందుకొదుల్తున్నాడు?" అన్నాడు సూరప, తనలో తాను. వెంటనే, "అది రేగడి. పైన ఎండింది, లోపల బురద. జోగా, వాణ్ణి వెనక్కి పిలువు!" అన్నాడు.

జోగయ గుండెల నిండా గాలి తీసుకుని ఊదాడు. రా, రా.

అప్పుడే బాటకూ చేనుకూ మధ్యకు చేరిన ఎల్లన దండు ఒక్క క్షణం ఆగింది. గుర్రాల తలలు ఇటు తిరిగాయి. విన్నారని అనుకున్నాం. మరుక్షణం ఎల్లన కత్తి పైకి లేచింది. దండు మొత్తం చేలోకి దిగింది.

"వినపడలేదా వాడికి?" అన్నాడు సూరప. "మళ్ళీ ఊదు!"

మళ్ళీ రెండుసార్లు పిలిచాను. వాళ్ళు ఇంకా వేగం పెంచారు. మూడోసారి పిలిచాను. ఇంకా వేగం పెంచారు.

"పొగరు. గెలుపు చూసి కళ్ళు నెత్తికెక్కినయ్" అన్నాడు సూరప. ఆయన గొంతులో కోపం ఉంది. కోపం కింద ఏముందో నాకు తెలుసు. జోగయ పెదవి చిట్లి, నా మూతి మీద నెత్తురు తడి తగిలింది.

"దొరా, తప్పెట్లు నా కూతని తినేస్తున్నయ్. ఒక్క నిమిషం ఆపించండి" అన్నాడు జోగయ.

సూరప చేయి పైకెత్తాడు. ఆ చేయి కిందికి కోస్తే తప్పెట్లు ఆగుతాయి. ఎత్తిన చేత్తో నడుమ ఉన్న కాలిబంటుల వైపు చూశాడు. అప్పుడే వాళ్ళకు శత్రువు బలం ఎదురుగా తగిలింది. అన్ని వందల కాళ్ళూ ఆ మోతను పట్టుకునే నిలబడి ఉన్నాయి. మోత ఆగితే గోడ కూలుతుంది. గోడ కూలితే వెనక ఉన్నది కోట తలుపు. ఒక వైపు ఒక ఊరు. మరో వైపు ఒక పిల్లవాడు.

ఆ చేయి అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత మెల్లగా, కోయకుండా, పక్కకు దిగింది. తప్పెట్లు మోగుతూనే ఉన్నాయి.

ఒక రౌతును కబురుతో పంపాడు. అతను గట్టు చుట్టి వెళ్ళేసరికి గుర్రాలు మోకాళ్ళ దాకా దిగబడి ఉన్నాయి. చేను అవతలి కంప వెనక దాగిన విలుకాళ్ళు లేచి నిలబడ్డారు. దూరం నుంచి చూస్తే అది యుద్ధంలా లేదు. నాట్లు వేస్తున్న చేనులా ఉంది. మనుషులు ఒక్కొక్కరుగా వంగుతున్నారు.

శత్రువు విలుకాళ్ళంతా అక్కడే ఉండిపోవడంతో నడుమ వాళ్ళ బలం తగ్గింది. మా కాలిబంటులు చొచ్చుకుపోయారు. మధ్యాహ్నానికి తూర్పు కోట వాళ్ళు వాగు దాటి పారిపోయారు. సేనాపతి ఎత్తు వేసి గెలిచాడని అందరూ అన్నారు. రాజుగారి మనిషి తర్వాత పట్టుశాలువా తెచ్చి, సొంత మేనల్లుడిని ఎరగా వేయగల గుండె నిబ్బరం ఎందరికి ఉంటుందని పొగిడాడు. సూరప ఆ శాలువాను కప్పించుకున్నాడు. అది ఎత్తు కాదని చెప్పలేదు. చెబితే మళ్ళీ పోరులో ఎవరూ నా పిలుపును నమ్మరు. సేనాపతికి తన దుఃఖం గురించి అబద్ధం ఆడటం కూడా కొలువులో భాగమే.

చేలోంచి బతికి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళలో మారయ అనే రౌతును మోసుకొచ్చి దిబ్బ కింద పడుకోబెట్టారు. సూరప అతని పక్కన కూర్చుని, తలను తొడ మీదికి తీసుకున్నాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"అన్నిసార్లు పిలిస్తే ఎందుకు రాలేదురా?"

మారయ ఆయన ముఖంలోకి అయోమయంగా చూశాడు.

"పిలిచిందెక్కడ దొరా? ముందుకే కదా పొమ్మన్నారు. ఒక్క రా వినపడింది. ఎల్లనగారు గుర్రం ఆపి, చెయ్యెత్తి, రెండోది వినపడుద్దేమో అని చూశారు. రాలేదు. 'ఒక్కటే రా అబ్బాయ్, మామ పొమ్మంటున్నాడు' అన్నారు. మళ్ళీ ఒక్కటి వినపడింది. మళ్ళీ ఒకటి. 'మామకి తొందరగా ఉంది, పదండి' అని నవ్వారు." నిష్ఠూరం లేకుండా, గుర్తు చేస్తున్నట్టుగా అన్నాడు. "ఒక్కటి వినపడితే ముందుకే అని మీరేగా నేర్పింది."

ప్రతిసారీ నా రెండు కూతల్లో ఒకదాన్ని గాలో, తప్పెట్లో మింగేశాయి. ఎల్లన పొగరుతో పోలేదు. ఆగాడు, చెవి పెట్టాడు, నేర్పింది నేర్పినట్టు చేశాడు. ఆ సైన్యంలో అంత బాగా ఆజ్ఞను పాటించినవాడు ఇంకొకడు లేడు.

సూరప మారయ తలను మెల్లగా కింద పెట్టాడు. లేచి నిలబడి, "నీళ్ళివ్వండి వీడికి" అన్నాడు.

సాయంకాలం కోటలోకి పాడెలు వచ్చాయి. ఎల్లనను సూరప తానే మోసుకొచ్చాడు. మైలమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇంట్లోంచి అన్నం ఉడికిన వాసన వస్తోంది. ఆమె ఏడవలేదు. కొడుకు ముఖం మీది బురదను కొంగుతో తుడిచి, తమ్ముడితో అంది.

"నేను విన్నానురా. గాలి ఇటే కదా కొడతంది, గోడ మీదికి బాగా వినపడింది. రెండుసార్లూ వినపడింది. రా, రా. వచ్చేస్తున్నాడని ఇంట్లోకొచ్చి ఎసరు పెట్టా."

నా పిలుపు వెనక ఉన్న కోటంతటికీ పూర్తిగా వినిపించింది. ముందున్న ఒక్కడికే వినిపించలేదు.

సూరప ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "రమ్మన్నాను అక్కా" అన్నాడు.

"తెలుసురా" అంది ఆమె.

మర్నాడు పాడెలు ఒక్కొక్కటిగా పొలిమేర దాటాయి. ప్రతి పాడెకూ జోగయ చిట్లిన పెదవితోనే 'పో' ఊదాడు. ముసలి బంటుకు ఊదాడు. రాత్రి కన్నుమూసిన మారయకు ఊదాడు. ఎల్లన పాడె వచ్చింది. జోగయ నన్ను పెదవులకు ఆనించి, గాలి పీల్చుకున్నాడు. సూరప వచ్చి నా వెడల్పాటి నోటి మీద అరచేయి పెట్టాడు.

ఆ అరచేయి వేడిగా ఉంది. నేను అంతకుముందు ఎన్నో చేతుల్ని ఎరుగుదును. పట్టుకునేవి, తుడిచేవి, మోసేవి. నోరు మూసిన చేయి అదొక్కటే.

"ఊదకుండా దాటితే ఎట్టా దొరా? పిల్లవాడికి దారి తెలవాలి కదా" అన్నాడు జోగయ, ఏడుస్తూ.

"తర్వాత" అన్నాడు సూరప.

ఎల్లన పాడె చప్పుడు లేకుండా పొలిమేర దాటింది.

పెద్దకర్మ నాడు మైలమ్మ అడిగింది. సంవత్సరీకం నాడు అడిగింది. ఆ తర్వాత ఏటా ఫాల్గుణంలో అడిగేది. సూరప తన కూతురిని వేరే ఊరికి ఇచ్చి, ఆ పిల్లను బండెక్కించి 'పోయిరా తల్లీ' అని పంపిన నాడు కూడా, పందిరి కింద అందరూ వెళ్ళిపోయాక, మైలమ్మ తమ్ముడి పక్కన కూర్చుని అడిగింది.

"వాణ్ణి ఇంకెన్నాళ్ళు నిలబెడతావురా? రాలేడు, పోలేడు. ఒక్కసారి ఊదించు. నేనే అడుగుతున్నా కదా, తల్లిని."

ఆ దిబ్బ దిగిన నాటి నుంచి లోపల పెట్టుకున్నదంతా సూరప ఒకే మాటగా చెప్పాడు.

"నేను రమ్మన్నానక్కా. వాడికి పొమ్మని వినపడింది. నా నోటి నుంచి వాడు విన్న ఆఖరి మాట అదే. ఇప్పుడు నిజంగా కూడా పొమ్మంటే, ఆ రోజు వాడు విన్నదే నిజమైపోద్ది."

మైలమ్మ ఆయన తల నిమిరింది. తర్వాత ఎప్పుడూ అడగలేదు. అడగకుండానే రెండేళ్ళకు కన్నుమూసింది. ఆమెకు 'పో' ఊదించినప్పుడు సూరప నా పక్కనే నిలబడ్డాడు. ఆమె దారి ఆమె వెళ్ళింది. కొడుకు ఆమె కన్నా వెనక ఉండిపోయాడు.

సూరప ఆ తర్వాత ఎన్నో పోరులు నడిపాడు. కొన్ని గెలిచాడు. దిబ్బ మీద నిలబడటం మాత్రం మానేశాడు. ముందు వరస వెనకే, గుర్రం మీద, నన్నూ జోగయనూ పక్కన పెట్టుకుని తిరిగేవాడు. అలా తిరిగే సేనాపతికి మొత్తం పోరు కనిపించదు. దగ్గరగా ఉంటే మనుషులకు వినిపిస్తుంది, పోరు కనిపించదు. దూరంగా ఉంటే పోరు కనిపిస్తుంది, మనుషులకు వినిపించదు. ఈ రెండూ ఒకేచోట దొరికే దిబ్బ కోసం ఆయన బతికినంతకాలం వెతికాడని నాకు అనిపించేది. ముసలితనంలో జ్వరంతో పోయాడు. చివరి రోజుల్లో జోగయను పిలిపించి, నన్ను మంచం పక్కన పెట్టించుకున్నాడు. రెండు మూడు సార్లు నోరు తెరిచి, ఏదో ఆజ్ఞ ఇవ్వబోయి, "ఉండనీలే జోగా" అన్నాడు. ఆయనకు జోగయ కొడుకు 'పో' ఊదాడు. ముసలి జోగయకు ఊపిరి చాలలేదు.

ఆ తర్వాత కోట చేతులు మారింది. మందుగుండు వచ్చింది, కొమ్ములకు పని తగ్గింది. నేను ఒక దొరగారి దివాణంలో గోడకు వేలాడాను. పెళ్ళి ఊరేగింపుల్లో ఎవరెవరో ఊదారు. వాళ్ళు నా చేత అరిపించారు కానీ మాట్లాడించలేదు. కొన్నాళ్ళకు దివాణం గోడ కూలి మట్టి కింద పడ్డాను. నాగలికి తగిలి బయటపడ్డాను. పాత సామాన్ల కొట్టులో రాగిబిందెల మధ్య చాలాకాలం ఉన్నాను. నన్ను కరిగించి గంటలు చేద్దామా అని ఒకడు అనుకున్నాడు. అంతలో ఎవరో చదువుకున్నాయన చూసి, నన్ను ఈ మ్యూజియానికి చేర్చాడు.

ఇప్పుడు అద్దం పెట్టెలో ఉన్నాను. నా మూతి ఎక్కడో విరిగి పోయింది. నా కింద ఉన్న చీటీ మీద 'పురాతన సంగీత వాద్యం' అని రాశారు. బడిపిల్లలు వచ్చినప్పుడు, దీన్ని పండుగల్లో ఊదేవారని గైడు చెబుతాడు. మొన్న ఒక అమ్మాయి, "దీంతో ఏం పాటలు వాయించేవాళ్ళు సార్?" అని అడిగింది. గైడు కాసేపు ఆలోచించి, "అన్ని రకాలూ" అన్నాడు. నేను ఆయన్ను తప్పుపట్టను. నాకు మూడే మాటలు తెలుసని, నాలుగోది చచ్చినవాళ్ళదని ఆయనకు ఎలా తెలుస్తుంది?

సాయంత్రం తలుపులు వేసే వేళకు, గదులు ఊడ్చే ఆవిడ, సామ్రాజ్యం, చీపురు మూలన పెట్టి, గేటు దగ్గర కాపలాదారుతో అంటుంది.

"వెళ్ళొస్తా అన్నా."

"వెళ్ళిరామ్మా, జాగ్రత్త" అంటాడు అతను.

వెలుగు పోయిన గదిలో ఆ మాట వింటాను. తూర్పు కోట లేదు, తంగెళ్ళగుట్ట మీద ఇప్పుడు ముళ్ళకంపే ఉందట. ఆ రేగడి చేలో ఎవరో పత్తి వేస్తున్నారట. సూరప వెళ్ళాడు, మైలమ్మ వెళ్ళింది, జోగయ వెళ్ళాడు. నా మాటలు తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఎల్లనకు 'పో' అని ఇంకా ఎవరూ ఊదలేదు.